వ్యాపార వెబ్‌సైట్ డిజైన్: వచ్చినవాళ్ళకి దారి చూపించి, కస్టమర్లుగా మార్చుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా వెబ్‌సైట్ చేయించుకునేవాళ్ళు, ఉన్న సైట్ వల్ల లాభం కనబడక దాన్ని మార్చాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. చిన్న, మధ్య తరహా వ్యాపారాలను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. వరుసగా చదవొచ్చు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

మా సైట్ చూడటానికి బాగుంది, రోజూ జనం వస్తున్నారు కూడా. కానీ ఎంక్వైరీలు రావడం లేదు. లోపం ఎక్కడ?

డిజైన్ జోలికి వెళ్ళకముందు ఒక పని చేయండి. ఆఫీసు వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మీ ఫోన్‌లో సైట్ తెరవండి. ఎంక్వైరీ ఫారం మీరే నింపి పంపండి. ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌కి వచ్చిందా? స్పామ్‌లో పడిందా? అసలు రానే లేదా? డొమైన్‌కి, అంటే మీ సైట్ చిరునామాకి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) సరిగ్గా పెట్టకపోతే సైట్ పంపే మెయిళ్ళు స్పామ్‌లోకి పోవడం మామూలే. ఫోన్ నంబర్ మీద నొక్కితే కాల్ వెళ్తోందా, వాట్సాప్ బటన్ ఇప్పుడు వాడుతున్న నంబర్‌కే తెరుచుకుంటోందా అన్నది కూడా చూసుకోండి. ఎంక్వైరీలు రావట్లేదని యజమాని బెంగపడుతుంటే, అవన్నీ ఎవరూ తెరవని ఫోల్డర్‌లో పడి ఉన్న సందర్భాలు చాలానే ఉంటాయి.

అవన్నీ బాగానే ఉంటే అప్పుడు సైట్ ఏం మాట్లాడుతోందో చూడాలి. చాలా సైట్లు యజమాని కథ చెప్తాయి: ఎప్పుడు మొదలుపెట్టాం, మా విలువలేమిటి, మా టీమ్ ఎంత అంకితభావంతో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళు తమ పని పట్టుకుని వస్తారు. నా పని వీళ్ళు చేస్తారా? ఎంతవుతుంది? ఎప్పటికవుతుంది? వీళ్ళని నమ్మొచ్చా? సరే, ఇప్పుడు నేనేం చేయాలి? ఈ ప్రశ్నలు కాస్త అటూ ఇటూగా ఇదే వరుసలో మనసులోకి వస్తాయి. ఏ ప్రశ్నకి జవాబు దొరక్కపోతే అక్కడే ఆగిపోయి, వెనక్కి వెళ్ళి ఇంకో సైట్ తెరుస్తారు. సందేహం పుట్టిన చోటే జవాబు ఉండాలి, ఆ జవాబు పక్కనే తర్వాత వేయాల్సిన అడుగు కనబడాలి. నా దృష్టిలో వ్యాపార సైట్ డిజైన్ అంటే ఇదే. కింద చెప్పేవన్నీ దీన్నుంచి వచ్చినవే.

కొత్త సైట్‌కి ఎక్కడ మొదలుపెట్టాలి? లోగో, రంగులతోనా?

మాటలతో మొదలుపెట్టండి, అదీ మీ కస్టమర్ల మాటలతో. మీ దగ్గర ఫోన్లు ఎత్తే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. పాత వాట్సాప్ చాట్‌లు, మెయిళ్ళు, రివ్యూలు తిరగేయండి. జనం ఏమేం అడుగుతున్నారో వాళ్ళన్న మాటల్లోనే రాసుకోండి. మీరు ‘సర్వీస్ షెడ్యూలింగ్’ అనుకునేదాన్ని వాళ్ళు ‘ఆదివారం వస్తారా?’ అని అడుగుతారు. సైట్‌లో ఉండాల్సింది ఆ రెండోదే.

ఈ లిస్టు చేతికొచ్చాక ఒక్కో పేజీకి ఒక పని అప్పజెప్పండి. ఈ పేజీకి ఎవరొస్తారు, ఏం తెలుసుకుని, ఏం చేసి వెళ్ళాలి? ఇది ఒక వాక్యంలో చెప్పలేకపోతున్నారంటే ఆ పేజీ అక్కర్లేదు, లేదా అందులో రెండు పేజీలు కలిసిపోయి ఉన్నాయి. మ్యాటర్ తయారయ్యాకే డిజైన్ చేయించండి. డమ్మీ మాటలు వేసి అందంగా గీయించి, తర్వాత అసలు మ్యాటర్‌ని ఆ గడుల్లో ఇరికిస్తే రెండూ పాడవుతాయి.

హోమ్ పేజీ తెరవగానే ఏం కనబడాలి?

ఇది కాస్త వివరంగా చూద్దాం. ఇల్లు మారేవాళ్ళ సామాను తరలించే సంస్థ ఒకటి ఉందనుకోండి. హోమ్ పేజీ పైన పెద్దక్షరాలతో ‘విశ్వసనీయతకు మారుపేరు. మీ సంతృప్తే మా లక్ష్యం’ అని ఉంది. వెనక సూట్లు వేసుకున్న మోడళ్ళు చేతులు కలుపుతున్న ఫోటో. కింద ‘మరింత తెలుసుకోండి’ అనే బటన్. ఈ వాక్యాన్ని తీసుకెళ్ళి ఒక ఆస్పత్రి సైట్‌లో పెట్టినా, సిమెంట్ కంపెనీ సైట్‌లో పెట్టినా అతికినట్టు సరిపోతుంది. అంటే ఈ వ్యాపారం గురించి అది ఏమీ చెప్పలేదన్నమాట.

అక్కడ ఇలా ఉంటే చూడండి: ‘ఇల్లు మారుతున్నారా? ప్యాకింగ్ నుంచి కొత్త ఇంట్లో దించి సర్దేదాకా మేం చూసుకుంటాం.’ దాని కింద కాస్త చిన్నక్షరాల్లో, ‘మీ సామాను లిస్టు పంపండి. ఎంతవుతుందో అదే రోజు చెప్తాం. ఒప్పుకున్నాక రేటు మారదు.’ ఆ కింద ‘నా సామానుకి ఎంతవుతుంది?’ అనే బటన్, పక్కనే నొక్కితే కాల్ వెళ్ళే ఫోన్ నంబర్. ఫోటోలో మీ పనివాళ్ళే ఫ్రిజ్‌కి దుప్పటి చుట్టి తాడు బిగిస్తున్నారు. నా పనేనా, ఎంతవుతుందో చెప్తారా, తర్వాత పెంచుతారా, నేనేం చేయాలి? ఈ నాలుగు సందేహాలకీ స్క్రోల్ చేయకుండానే జవాబు దొరికింది. ‘అదే రోజు’ అన్న మాట నిలబెట్టుకోగలిగితేనే రాయాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

ఇక కిందికి వెళ్ళేకొద్దీ సందేహాలు చిన్న చిన్న వివరాల మీదికి మళ్ళుతాయి. ఏదైనా పగిలితే ఎవరిది బాధ్యత? లిఫ్ట్ లేకపోతే ఎక్కువ తీసుకుంటారా? ఎన్ని రోజుల ముందు చెప్పాలి? మీరు రాసుకున్న లిస్టు ఇక్కడ పనికొస్తుంది. ఒక్కోదానికీ చిన్న ఉపశీర్షిక పెట్టి రెండు మూడు వాక్యాల్లో తేల్చేయండి. జనం వెబ్ పేజీని పుస్తకంలా అక్షరం వదలకుండా చదవరు. పేజీ మీద చూపు ఎలా కదులుతుందో, సైట్ల వాడకం మీద పరిశోధన చేసే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2006లో పరిశీలించినప్పుడు, పై వాక్యాలు కాస్త చదివి, కిందికి పోయేకొద్దీ ఎడమ అంచు వెంబడే చూపు జారిపోవడం కనబడింది. ఆంగ్ల అక్షరం ‘ఎఫ్’ ఆకారం వచ్చింది. అందుకే ప్రతి ఉపశీర్షికలోనూ, ప్రతి పేరా మొదట్లోనూ అసలు విషయమున్న మాట ముందు రావాలి.

పైన నాలుగైదు బ్యానర్లు తిరిగే స్లైడర్ పెట్టమంటున్నారు. పెట్టాలా?

వద్దు. ఏది ముఖ్యమో తేల్చుకోలేనప్పుడు అన్నీ పెట్టేయడానికి స్లైడర్ దొరుకుతుంది. ఒకటి చదువుతుండగానే ఇంకోటి వచ్చేస్తుంది, రెండో బ్యానర్ దాకా ఆగేవాళ్ళు కొద్దిమందే, పైగా పెద్ద ఫోటోలన్నీ కలిసి పేజీని బరువెక్కిస్తాయి. అన్నిటికన్నా బలమైన మాట ఒక్కటి ఎంచుకుని, కదలకుండా పెట్టండి.

మెనూలో ఎన్ని ఐటమ్‌లు ఉండొచ్చు?

ఎంపికలు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని మనస్తత్వవేత్త విలియం హిక్ 1952లో ప్రయోగం చేసి చూపించాడు. మెనూలో ‘ఏడుకి మించకూడదు’ లాంటి లెక్కలు కూడా కొందరు చెప్తుంటారు. నాకు మాత్రం అంకె కన్నా పేరు ముఖ్యమనిపిస్తుంది. పది లింకులున్నా, ఏ లింకు వెనక ఏముందో పేరు చూడగానే తెలిస్తే ఎవరూ తికమకపడరు. ‘సొల్యూషన్స్’, ‘రిసోర్సెస్’, ‘ఎక్స్‌ప్లోర్’ అని మూడే ఉన్నా ఎటు వెళ్ళాలో తోచదు. జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రమైన ‘పార్క్’లో పనిచేసిన పీటర్ పిరోలీ, స్టూవర్ట్ కార్డ్ 1990లలోనే దీని మీద పనిచేశారు. తాను వెతికేది దగ్గరపడుతోందన్న ఆనవాలు కనబడినంతసేపూ మనిషి క్లిక్ చేస్తూ ముందుకెళ్తాడు, ఆ ఆనవాలు పలచబడగానే వదిలేసి ఇంకో చోటికి పోతాడు అన్నది వాళ్ళ సిద్ధాంతం.

కాబట్టి ‘సేవలు’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ముఖ్యమైన రెండు మూడు సేవల పేర్లు నేరుగా మెనూలో పెట్టండి. ధరలు, కాంటాక్ట్ ఎప్పుడూ కనబడాలి. అవార్డులు, వార్తలు, ఉద్యోగాల వంటివి పేజీ అడుగున ఉండే ఫుటర్‌లో ఉంటే చాలు. కంప్యూటర్ స్క్రీన్ మీద చోటు ఉన్నప్పుడు కూడా మెనూని మూడు గీతల గుర్తు వెనక దాచేయకండి.

ప్రతి పేజీలోనూ బటన్ ఉండాలా? దాని మీద ఏమని రాయాలి?

ఉండాలి. పేజీ చివరిదాకా చదివిన మనిషి మీ మీద ఆసక్తి చూపించినట్టే. సరిగ్గా అక్కడ ఏమీ లేకుండా ఫుటర్ వచ్చేస్తే ఆ ఆసక్తి వృథా. అయితే ఒక్కో పేజీకి ముఖ్యమైన పని ఒక్కటే పెట్టండి. ‘ఇప్పుడే కొనండి’, ‘బ్రోషర్ డౌన్‌లోడ్’, ‘సబ్‌స్క్రైబ్’, ‘మాతో మాట్లాడండి’ అని నాలుగూ ఒకే సైజులో ఒకే రంగులో పెడితే ఏదీ నొక్కరు. పెద్ద పేజీ అయితే ఆ ఒక్క బటనే పైన, మధ్యలో, చివర మళ్ళీ రావచ్చు.

మాట విషయానికొస్తే, నొక్కితే ఏం జరుగుతుందో బటనే చెప్పాలి. ‘సబ్మిట్’ ఏమీ చెప్పదు. ‘కొటేషన్ పంపండి’, ‘శనివారానికి టైమ్ బుక్ చేసుకుంటాను’, ‘శాంపిల్ చూస్తాను’ లాంటివి చెప్తాయి. ఇంకో సంగతి: అందరూ మొదటి రోజే కొనడానికి సిద్ధంగా ఉండరు. ఇంకా ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ప్రధాన బటన్ పక్కన చిన్న లింకుగా తేలికైన అడుగు ఒకటి పెట్టండి, ‘మేం చేసిన పనులు చూడండి’ లాంటిది.

ఫారంలో ఏమేం అడగాలి?

ఎంత తక్కువైతే అంత మంచిదని అందరూ చెప్తారు. అది సగమే నిజం. అడిగే ప్రతి వివరమూ ఎందుకో నింపేవాళ్ళకి అర్థం కావాలి, అదీ అసలు సూత్రం. సామాను తరలించే సంస్థ ‘ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ తేదీన, ఎన్ని గదులు’ అని అడిగితే ఎవరూ విసుక్కోరు, రేటు చెప్పాలంటే అవి కావాలి కదా. అదే ఫారంలో పుట్టిన తేదీ, పూర్తి చిరునామా, ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని అడిగితే చిరాకొస్తుంది. అవి మీ సౌకర్యం కోసం. పని కుదిరాక అడగొచ్చు.

ఇక చిన్న విషయాలు. చూడటానికి చిన్నవే గానీ ఎంక్వైరీలు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఫీల్డ్ పేరు గడి పైన రాయాలి. గడి లోపల లేత రంగులో రాస్తే టైప్ చేయడం మొదలుపెట్టగానే మాయమైపోయి, ఇందులో ఏం రాయాలో మర్చిపోతారు. ఫోన్ నంబర్ గడి మీద నొక్కితే అంకెల కీప్యాడ్ రావాలి. నంబర్ మధ్యలో ఖాళీ వదిలినా, ముందు దేశం కోడ్ రాసినా ఒప్పుకోవాలి, ఆ ఖాళీలు తీసేయడం సాఫ్ట్‌వేర్ పని. గడిలో అక్షరాల సైజు 16 పిక్సెళ్ళ కన్నా తక్కువైతే ఐఫోన్‌లో నొక్కగానే పేజీ జూమ్ అయిపోతుంది, సగం ఫారం పక్కకి పోతుంది. తప్పు జరిగినప్పుడు ‘చెల్లని ఇన్‌పుట్’ అనకుండా, ఆ గడి కిందే ‘నంబర్‌లో ఒక అంకె తగ్గింది’ అని చెప్పాలి. ఒక్క తప్పు కోసం నింపినదంతా చెరిపేసే ఫారాన్ని రెండోసారి నింపే ఓపిక ఎవరికీ ఉండదు.

పంపే బటన్ కింద ఒక వాక్యం రాయండి: ‘ఈ నంబర్‌కి సాయంత్రంలోగా ఫోన్ చేస్తాం. ఇంకెవరికీ ఇవ్వం.’ నంబర్ ఇస్తే రోజూ ఫోన్లు వస్తాయేమోనన్న టెన్షన్ సరిగ్గా ఆ క్షణంలోనే ఉంటుంది. ఎక్కడో ప్రైవసీ పాలసీ పేజీలో ఇదే మాట ఉన్నా అప్పుడు పనికిరాదు.

ధరలు సైట్‌లో పెట్టాలా? పోటీవాళ్ళు చూస్తారు కదా?

పెట్టండి. పోటీవాళ్ళకి మీ రేట్లు ఇప్పటికే తెలిసి ఉంటాయి, ఒక్క ఫోన్ కాల్‌తో తెలుసుకోగలరు. తెలియనిది కస్టమర్‌కే. ధర కనబడకపోతే ‘చాలా ఎక్కువేమో’ అనుకుంటారు, లేదా ఫోన్ చేస్తే వదలరేమోనని జంకుతారు. పనిని బట్టి ధర మారితే కనీస ధర చెప్పండి, ఏయే కారణాల వల్ల పెరుగుతుందో రాయండి, ఇంతకుముందు చేసిన రెండు మూడు పనులు తీసుకుని ఏ పనికి ఎంతయిందో చూపించండి. మీ స్థాయికి సరిపడని ఎంక్వైరీలు దీనివల్ల తగ్గుతాయి, అది మీ టీమ్‌కి మిగిలే సమయం. పెద్ద సంస్థలతో కుదుర్చుకునే కాంట్రాక్టులకి ముందే అంకె చెప్పడం కుదరకపోవచ్చు. అక్కడ కూడా రేటు ఎలా లెక్కిస్తారో, కొటేషన్ రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పొచ్చు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు మమ్మల్ని ఎలా నమ్ముతారు?

వివరాల వల్ల నమ్ముతారు. ‘అద్భుతమైన సేవ, ధన్యవాదాలు’ అనే రివ్యూని ఎవరైనా రాయొచ్చు. ‘చెప్పిన టైమ్‌కి అరగంట ఆలస్యమైంది, కానీ ముందే ఫోన్ చేసి చెప్పారు, అద్దాల బీరువా గీత పడకుండా చేర్చారు’ అనేది అనుభవించినవాళ్ళే రాయగలరు. ఆ చిన్న ఆలస్యం సంగతి అందులో ఉండటం వల్లే మిగతాది నమ్మబుద్ధేస్తుంది. అలాంటివి ఎంచుకోండి, వాళ్ళ అనుమతితో పెట్టండి. అబద్ధపు రివ్యూలు మాత్రం ఎప్పటికీ వద్దు. ఒక్కటి బయటపడితే మీ సైట్‌లో ఉన్న ప్రతి మాటా అనుమానాస్పదమే.

అసలైన చిరునామా, పనిచేసే ఫోన్ నంబర్, పని వేళలు, లైసెన్స్ ఉంటే దాని నంబర్, పనిచేసే మనుషుల ఫోటోలు కనబడాలి. నమ్మకం కలిగించేవన్నీ ఒకే పేజీలో పోగేయకండి. డబ్బు కట్టే బటన్ దగ్గర రిఫండ్ నియమం, ఇంటికి మనిషి వచ్చే సేవ పేజీలో ఆ వచ్చే మనిషి గురించి, ఇలా భయం ఎక్కడ పుడుతుందో అక్కడ పెట్టాలి.

సైట్ చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో (పంపే వివరాలు మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాటు) మొదలవుతోందా అన్నది కూడా చూడండి. అది లేని సైట్లను క్రోమ్ బ్రౌజర్ 2018 జులై నుంచి ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ని ఉచితంగానే ఇస్తున్నాయి, కాబట్టి సాకు లేదు.

మొబైల్ కోసం వేరే సైట్ చేయించాలా?

అక్కర్లేదు. స్క్రీన్‌ని బట్టి ఒకే సైట్ సర్దుకునే పద్ధతిని వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ డిజైన్ అనే పేరుతో ముందుకు తెచ్చాడు, ఇప్పుడు అదే మామూలు పద్ధతి. గూగుల్ కూడా సైట్ల మొబైల్ రూపాన్నే చూసి ఇండెక్స్ చేస్తుంది, అంటే తన సెర్చ్ జాబితాలో చేర్చుకుంటుంది. ఆ మార్పు 2023 అక్టోబర్‌లో పూర్తయినట్టు ప్రకటించింది.

అయినా డిజైన్లు ఇప్పటికీ పెద్ద స్క్రీన్ మీద చూపించి ఓకే చేయిస్తారు. మీరు మాత్రం డెవలపర్‌ని ముందు ఫోన్‌లోనే చూపించమని అడగండి. ఎండలో నిలబడి చూడండి. ఒక్క చేత్తో పట్టుకుని బొటనవేలితో వాడి చూడండి. బటన్లు వేలికి అందేంత పెద్దవిగా ఉండాలి. ఆపిల్ 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ 48 డీపీ సూచిస్తాయి (రెండూ స్క్రీన్ మీద సైజుని కొలిచే యూనిట్లు). వెబ్ సౌలభ్య ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 అయితే కనీసం 24 పిక్సెళ్ళు అంటుంది. అది కనీసం మాత్రమే, అక్కడే ఆగిపోవద్దు. ఫోన్ కాల్స్ మీద నడిచే వ్యాపారమైతే స్క్రీన్ అడుగున కాల్ బటన్ ఎప్పుడూ కనబడేలా పెట్టడం మంచిది.

సైట్ ఎంత వేగంగా తెరుచుకోవాలి?

గూగుల్ పెట్టుకున్న కొలతలు మూడున్నాయి. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి. తెరుచుకునేటప్పుడు పేజీ అటూ ఇటూ గెంతకూడదు, ఆ గెంతుల స్కోరు 0.1 దాటకూడదు. ఈ మూడోదాన్ని జనం తక్కువగా పట్టించుకుంటారు. బటన్ నొక్కబోతుంటే పైన ఏదో ఫోటో లోడ్ అయి, బటన్ కిందికి జారి, వేలు ఇంకో లింకు మీద పడుతుంది చూడండి, అదే ఇది. ఫోటోల వెడల్పు, ఎత్తు కోడ్‌లో ముందే రాస్తే చాలావరకు పోతుంది. మీ సైట్ స్కోరు ఎంతో గూగుల్ టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. తగినంతమంది వచ్చే సైట్‌కైతే గత 28 రోజుల్లో నిజంగా వచ్చినవాళ్ళ అనుభవం కూడా అందులో కనబడుతుంది.

చాలా సైట్లలో దోషం ఫోటోలదే. ఫోన్‌లో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, దాన్ని అలాగే ఎక్కించేస్తారు. వెడల్పు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే సైజు ఎన్నో రెట్లు తగ్గుతుంది, కంటికి తేడా తెలియదు. కింద ఉన్న ఫోటోలకి లేజీ లోడింగ్ (స్క్రోల్ చేస్తూ దగ్గరికి వచ్చాకే ఫోటో లోడ్ అవడం) పెట్టించండి, పైన మొదట కనబడే ఫోటోకి మాత్రం వద్దు, అది ఇంకా ఆలస్యమవుతుంది. ఆ తర్వాత అనుమానించాల్సినవి ఎవరూ వాడని ప్లగిన్‌లు, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన ట్రాకింగ్ కోడ్‌లు.

రంగులు, ఫాంట్లు ఎలా ఎంచుకోవాలి?

మీకు నచ్చిన రంగులే వాడుకోండి, చదవడానికి వీలుగా ఉంటే చాలు. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా నిష్పత్తి, కనీసం 4.5కి 1, పెద్దక్షరాలకి 3కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ చెప్తుంది. తెల్ల నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు చాలాసార్లు ఇక్కడే తప్పుతాయి. ముఖ్యమైన బటన్‌కి ఒక రంగు కేటాయించి, దాన్ని ఇంకెక్కడా వాడకండి. రెండు పేజీలు చూసేసరికి ఆ రంగు నొక్కడానికని చూసేవాళ్ళకి అలవాటవుతుంది. పైన గుడులు, కింద ఒత్తులు వచ్చే లిపిలో మ్యాటర్ ఉంటే లైన్ల మధ్య ఖాళీ ఇంకాస్త పెంచాలి. ఫోటో మీద అక్షరాలు రాయించి బ్యానర్‌గా పెట్టడం మానేయండి, ఫోన్‌లో అవి చీమల్లా కనబడతాయి, చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్లు వాటిని చదవలేవు.

గూగుల్ నుంచి వచ్చేవాళ్ళు హోమ్ పేజీకే వస్తారా?

చాలామంది రారు. ఫలానా పని కోసం వెతికినవాళ్ళు నేరుగా ఆ సేవ పేజీలో దిగుతారు. కాబట్టి ప్రతి సేవకీ విడి పేజీ ఉండాలి, ఆ పేజీ ఒక్కటే చూసినా మీరెవరో, ఏం చేస్తారో, ఎలా సంప్రదించాలో తెలిసిపోవాలి. యాడ్ ఇస్తుంటే అది మరీ ముఖ్యం. యాడ్‌లో ఏ మాట చూసి క్లిక్ చేశారో ఆ మాటే పేజీ శీర్షికలో కనబడాలి. ‘ఆఫీసు సామాను తరలింపు’ యాడ్ నొక్కితే ఇళ్ళ గురించి మాట్లాడే హోమ్ పేజీ తెరుచుకుంటే, తప్పు చోటికి వచ్చామనుకుని వెళ్ళిపోతారు. ఆ క్లిక్‌కి డబ్బు మాత్రం మీరు కట్టేశారు.

పాప్‌అప్‌లు, చాట్‌బాట్‌లు పెట్టొచ్చా?

పేజీ తెరిచీ తెరవగానే అడ్డం పడే పాప్‌అప్ వద్దు. మొబైల్‌లో మ్యాటర్‌ని కప్పేసే అలాంటి పేజీలకు ర్యాంకు తగ్గవచ్చని గూగుల్ చెప్పి 2017 జనవరి నుంచి అమలు చేస్తోంది కూడా. చాట్ మంచిదే, అవతల జవాబిచ్చే మనిషి ఉంటే. లేనప్పుడు ‘ఇప్పుడు అందుబాటులో లేము, నంబర్ ఇవ్వండి, ఉదయం మాట్లాడతాం’ అని సూటిగా చెప్పాలి. బాట్ పెడితే అది బాట్ అని తెలియాలి, మనిషితో మాట్లాడే దారి అందులోనే ఉండాలి.

‘ఆఫర్ ఇంకా పది నిమిషాలే’ అని టైమర్ పెడితే అమ్మకాలు పెరుగుతాయట కదా?

ఆఫర్ నిజంగా ఆ టైమ్‌కి ముగిసేదైతే పెట్టండి. పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్ళీ పది నిమిషాల నుంచి మొదలయ్యే టైమర్ మోసం. ముందే టిక్ పెట్టి ఉంచిన అదనపు సేవలు, చివరి మెట్టులో బయటపడే ఛార్జీలు, ఎక్కడుందో దొరకని క్యాన్సిల్ బటన్ కూడా అదే జాతివి. వీటన్నిటికీ కలిపి 2010లో డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. ఇవి ఆ రోజు అమ్మకాన్ని తెస్తాయి. తర్వాత రిఫండ్ గొడవలు, చెడ్డ రివ్యూలు కూడా అవే తెస్తాయి. నన్నడిగితే, దారి చూపించడానికీ తోసేయడానికీ మధ్య గీత ఇక్కడ స్పష్టంగానే ఉంది, దాన్ని దాటకండి.

సొంతంగా చేసుకోవచ్చా, ఎవరికైనా అప్పజెప్పాలా?

ఐదారు పేజీల సైట్ అయితే వర్డ్‌ప్రెస్, విక్స్ లాంటివాటితో కాస్త ఓపికున్నవాళ్ళు సొంతంగానే చేసుకోవచ్చు. ఆన్‌లైన్ అమ్మకాలకి షాపిఫై లాంటివి ఉన్నాయి. ఎవరితో చేయించినా ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి: డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్ ఐడీతోనే రిజిస్టర్ కావాలి. హోస్టింగ్, అడ్మిన్ లాగిన్, అనలిటిక్స్ ఖాతాలు మీ చేతిలో ఉండాలి. డెవలపర్ పేరు మీద ఉన్న డొమైన్, అతనితో మాటలు చెడినా, అతను ఊరు మారినా, రెన్యూవల్ మర్చిపోయినా మీ చేయి దాటిపోతుంది. పని మొదలయ్యే రోజే ఇది రాతపూర్వకంగా తేల్చుకోండి.

సైట్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎంతమంది వచ్చారన్న లెక్క ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. ఫారం పంపినవాళ్ళు, కాల్ బటన్ నొక్కినవాళ్ళు, వాట్సాప్ తెరిచినవాళ్ళు ఎందరు, ఏ పేజీ నుంచి అన్నది గూగుల్ అనలిటిక్స్‌లో ఈవెంట్లుగా పెట్టించుకోండి. ఏ మాటలు వెతికి వస్తున్నారో గూగుల్ టూల్ సెర్చ్ కన్సోల్ చెప్తుంది. ఎక్కడ నొక్కుతున్నారు, ఎక్కడిదాకా స్క్రోల్ చేస్తున్నారన్నది మైక్రోసాఫ్ట్ క్లారిటీలో ఉచితంగా చూడొచ్చు.

అంకెలు ఎక్కడ ఆగారో చెప్తాయి, ఎందుకు ఆగారో చెప్పవు. దానికి మనుషుల్ని కూర్చోబెట్టి చూడటమే మార్గం. మీ వ్యాపారంతో సంబంధం లేని ఐదుగురిని ఒక్కొక్కరుగా పిలవండి. ‘వచ్చే వారం ఇల్లు మారాలి, ఎంతవుతుందో ఈ సైట్‌లో కనుక్కోండి’ అని ఫోన్ చేతికిచ్చి, పక్కన కూర్చుని నోరు మెదపకండి. ఐదుగురితో చూసినా సమస్యల్లో చాలా భాగం బయటపడుతుందని నీల్సన్ నార్మన్ గ్రూప్ స్థాపకుల్లో ఒకరైన యాకబ్ నీల్సన్ ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నాడు. మీరు స్పష్టంగా ఉందనుకున్న బటన్‌ని ఇద్దరు చూడనే చూడలేదంటే, దాన్ని గురించి వాదించాల్సింది ఏమీ లేదు. రెండు రూపాలు పెట్టి ఏది మెరుగో పోల్చే ఏ/బీ టెస్టింగ్‌కి చాలా ట్రాఫిక్ కావాలి. చిన్న సైట్లకి ఈ ఐదుగురే ఎక్కువ నేర్పుతారు.

ఎంక్వైరీ వచ్చాక సైట్ పని అయిపోయినట్టేనా?

కాదు. ఫారం పంపగానే ‘ధన్యవాదాలు’ అని ఒక్క మాట కనబడి ఊరుకుంటే, అది చేరిందో లేదో తెలియక ఇంకో సంస్థకి కూడా రాస్తారు. ఆ పేజీలో తర్వాత ఏం జరుగుతుందో చెప్పండి: ఎవరు ఫోన్ చేస్తారు, ఎప్పటిలోగా, ఏ నంబర్ నుంచి, ఆలోపు ఏం సిద్ధంగా పెట్టుకోవాలి. అదే మాట మెయిల్ లేదా మెసేజ్‌గా కూడా వెళ్ళాలి. ఆపైన మాట ప్రకారం ఫోన్ చేయాలి. ఎంత మంచి సైట్ అయినా, మూడు రోజుల తర్వాత చేసిన ఫోన్‌ని కాపాడలేదు.

ఎన్నేళ్ళకోసారి సైట్ మొత్తం మార్చాలి?

గడువంటూ లేదు. ధరలు, ఫోటోలు, పని వేళలు మారిన రోజే మార్చండి. కస్టమర్లు కొత్తగా ఏదైనా అడగడం మొదలుపెడితే దాని జవాబు సంబంధిత పేజీలో చేర్చండి. ఇలా చేస్తూ పోతే మొత్తం పడగొట్టి కట్టే అవసరం అరుదుగానే వస్తుంది. ఒకవేళ మార్చాల్సివస్తే పాత పేజీల చిరునామాలు చెడకుండా చూసుకోవాలి. ప్రతి పాత లింకునీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామా తెరిస్తే శాశ్వతంగా కొత్తదానికి మళ్ళించే ఏర్పాటు) చేయించండి, అన్నిటినీ హోమ్ పేజీకి మళ్ళించడం సరిపోదు. గూగుల్‌లో ఇన్నాళ్ళూ వచ్చిన స్థానం, కస్టమర్లు సేవ్ చేసుకున్న లింకులు ఆ పాత చిరునామాల మీదే ఉన్నాయి. వాటి లిస్టు పని మొదలవకముందే తీయించి డెవలపర్ చేతిలో పెట్టండి, కొత్త సైట్ లైవ్‌కి వెళ్ళిన రోజు ఒక్కోదాన్నీ నొక్కి చూడండి.